ఊరికి తలుపు తీసే బడి

అంతర్జాతీయ పాఠశాల అంటే ఒక దేశపు పరీక్షలకే పరిమితం కాకుండా, 1968లో జెనీవాలో ఏర్పడిన ఇంటర్నేషనల్ బకలారియెట్ వంటి సంస్థల పాఠ్యప్రణాళికను బోధించే విద్యాలయమని స్థూలంగా చెప్పవచ్చు. అటువంటి బడుల నిర్మాణంలో ‘సమాజ కేంద్రిత ప్రాంగణం’ అనే భావనకు నేడు ప్రాధాన్యం పెరిగింది. గ్రంథాలయం, ఆటస్థలం, సభామందిరం, పనిశాల వంటివి విద్యార్థులతో పాటు చుట్టుపక్కల జనానికీ అందుబాటులో ఉండేలా వాటిని వీధివైపు అమర్చి, తరగతి గదులను లోపలివైపు భద్రంగా ఉంచడం ఇందులో ప్రధానం. ఈ పేరు కొత్తదే కాని, కృష్ణా డెల్టాకు దాని సారం కొత్తది కాదు.

బందరు చూపిన బాట

1907లో బిపిన్ చంద్రపాల్ తీరాంధ్రలో చేసిన ఉపన్యాసాలు జాతీయ విద్యపై ఆసక్తిని రగిలించగా, కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య 1910లో బందరు అని పిలిచే మచిలీపట్నంలో ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పారు. వలస పాలనకు గుమాస్తాలను తయారుచేసే చదువుకు ప్రత్యామ్నాయంగా, పుస్తక విద్యకూ చేతిపనికీ మధ్య ఉన్న గోడను తొలగించాలన్నది వారి ఆశయం. పింగళి వెంకయ్య ఇక్కడ అధ్యాపకులుగా పనిచేశారు. వంగదేశం నుంచి వచ్చిన చిత్రకారుడు ప్రమోద కుమార చటర్జీ వద్ద అడివి బాపిరాజు చిత్రకళ అభ్యసించి, తరువాతి కాలంలో అదే కళాశాలకు ప్రిన్సిపాలయ్యారు. నేతకూ, కలంకారీకీ పేరుపడిన సీమలో నిలిచిన ఆ విద్యాలయం, బయటి ప్రపంచాన్ని ఆహ్వానించడానికి స్థానిక జీవితాన్ని వదులుకోనక్కరలేదని నిరూపించింది.

నీరు నేర్పిన పాఠం

1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెన వేలాది ప్రాణాలను బలిగొన్న తరువాత, తీరగ్రామాల్లో తుపాను రక్షిత భవనాల అవసరం అందరికీ తెలిసివచ్చింది. ఎత్తయిన కాంక్రీటు స్తంభాలపై నిలిచే ఈ భవనాలను మామూలు రోజుల్లో బడిగానో, సమావేశ మందిరంగానో వాడుకుంటే, నిత్యం మనుషులు మసలడం వల్ల అవి పాడుబడకుండా ఆపదవేళకు సిద్ధంగా ఉంటాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ కాలనీలు రోజుల తరబడి నీటిలో మునగడంతో, ఈ అవసరం తీరానికే పరిమితం కాదని తేలింది.

కాబట్టి ఈ ప్రాంతంలో బడి కట్టేవారు గత వరదమట్టం కంటే ఎత్తులో నేలను నిర్ణయించి, వృద్ధులూ వికలాంగులూ ఎక్కగలిగే వాలుదారిని ఏర్పరచి, వాననీరు సహజంగా పారే దారిని మూయకుండా ప్రాంగణాన్ని రూపొందించాలి. తడిస్తే ఉబ్బి, ఎండితే బీటలువారే నల్లరేగడిలో అండర్ రీమ్డ్ పైల్, అనగా అడుగున గుండ్రంగా వెడల్పుచేసి లోతుగా దింపే కాంక్రీటు స్తంభం, పునాదిగా అనువైనది. మధ్యలో ఆకాశానికి తెరిచిన వాకిలీ, దాని చుట్టూ వాలు పెంకుల వసారాలూ గల మండువా లోగిలి, వేసవిలో గాలినీ వెలుగునూ నీడనూ ఎలా కలిపి ఇవ్వవచ్చో ఇప్పటికీ నేర్పుతుంది.

అయితే భవనం ఎంత చక్కగా కట్టినా, దాని గేటు మూసి ఉంటే సమాజానికి ఒరిగేదేమీ ఉండదు. సాయంత్రం గ్రంథాలయం ఎవరికి తెరవాలి, సెలవుల్లో పనిశాలలో స్థానిక చేతివృత్తులవారు ఏం నేర్పాలి, వరద హెచ్చరిక వచ్చిన రాత్రి తాళాలు ఎవరి చేతిలో ఉండాలి అన్న ప్రశ్నలకు, నక్షా ఆమోదించే దశలోనే ఊరివారితో కూర్చుని లిఖితపూర్వకంగా సమాధానాలు రాసుకోవాలి. ఆ ఒప్పందం ఉన్న బడిలోనే పిల్లలు ప్రపంచ పౌరసత్వాన్ని పాఠంగా వినడంతో ఆగక, పక్కవీధివారితో కలిసి ఆచరించగలుగుతారు.