పాత లారీ కొనాలంటే పొద్దున్నే వెళ్లాలి

పాత లారీ బేరానికి పొద్దున్నే వెళ్లాలి. అదీ చెప్పిన టైముకంటే ఓ అరగంట ముందే. వెళ్లగానే రేటు అడగడం, టైర్లు చూడటం తర్వాత సంగతి. ముందు ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూడాలి. చల్లగా ఉంటే పరీక్ష మొదలుపెట్టవచ్చు. వేడిగా ఉందంటే ఎవరో అప్పటికే సెల్ఫ్ కొట్టి, తొలి పొగంతా బయటికి పంపేశారన్నమాట. అలాంటప్పుడు బేరాన్ని మర్నాటికి వాయిదా వేసుకోవడమే మేలు.

ఇది చాదస్తం కాదు. రుడాల్ఫ్ డీజిల్ 1897లో జర్మనీలో నడిపి చూపిన ఇంజన్‌కైనా, ఇవాళ నార్కట్‌పల్లి దగ్గర హైవే మీద పరుగెత్తే లారీకైనా సూత్రం ఒక్కటే. నిప్పు రగిలించే స్పార్క్ ప్లగ్ ఉండదు. సిలిండర్‌లోని గాలిని పిస్టన్ దాదాపు 16 నుంచి 18 రెట్లు కుదిస్తుంది. ఆ ఒత్తిడికి గాలి 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. నాజిల్ చిమ్మిన డీజిల్ ఆ వేడికే అంటుకుంటుంది. పిస్టన్ రింగులు, లైనర్లు, వాల్వులు గట్టిగా ఉంటేనే ఇదంతా జరుగుతుంది. అవి అరిగితే గాలి సందుల్లోంచి జారిపోతుంది, వేడి చాలదు. పొద్దున సెల్ఫ్ ఎంత కొట్టినా ఇంజన్ అందుకోదు, అందుకున్నా కళ్లు మండించే తెల్లపొగ కక్కుతుంది. ఒకసారి వేడెక్కాక అదే ఇంజన్ మంచిదానిలాగే తిరుగుతుంది. అందుకే తొలి స్టార్టింగ్ అంత విలువైనది.

ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో లారీకి పని కొదవ లేదు. విజయవాడ వైపు 65వ నంబరు జాతీయ రహదారి, కర్నూలు వైపు 44వ నంబరు రహదారి. మిర్యాలగూడ రైస్ మిల్లులు, వాడపల్లి, మేళ్లచెరువు, మట్టంపల్లి సిమెంటు ఫ్యాక్టరీలు. 2015 జూన్‌లో దామరచర్ల మండలంలో యాదాద్రి థర్మల్ కేంద్రానికి, పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల పథకానికి శంకుస్థాపనలు జరిగాక మట్టి, కంకర మోసే టిప్పర్లకూ పని పెరిగింది. ఒక్కో పని ఇంజన్ మీద ఒక్కో రకం గుర్తు వదులుతుంది. కాబట్టి ‘ఎన్ని కిలోమీటర్లు తిరిగింది?’ అన్న ప్రశ్నకంటే ‘ఏ పనిలో తిరిగింది?’ అన్నది ముందు అడగాలి.

హైవే మీద సమవేగంతో అయిదు లక్షల కిలోమీటర్లు నడిచిన సిమెంటు లారీ ఇంజన్, క్వారీలో రెండు లక్షలు నడిచిన టిప్పర్ ఇంజన్ కంటే బాగుండవచ్చు. టిప్పర్ చిన్న గేర్లలోనే మూలుగుతుంది, లోడు కోసం నిలబడి గంటలకొద్దీ తిరుగుతుంది, డాలా ఎత్తడానికీ ఇంజన్‌నే వాడుకుంటుంది. ఈ శ్రమ ఏదీ కిలోమీటర్ల మీటరులో కనిపించదు. పైగా ఆ మీటరును మార్చడం కష్టమేమీ కాదు. క్లచ్ పెడల్ మీది రబ్బరు, స్టీరింగు, సీటు ఎంత అరిగాయో చూస్తే అసలు లెక్క కొంత తెలుస్తుంది.

క్వారీ బండికి మరో శత్రువు దుమ్ము. ఎయిర్ ఫిల్టర్ కొత్తదిగా మెరుస్తోందని సంబరపడితే చాలదు. ఫిల్టర్ దాటాక ఇంజన్‌లోకి వెళ్లే గొట్టం విప్పించి, లోపల వేలితో తుడవాలి. వేలికి మట్టి అంటిందంటే ఇన్నాళ్లూ ఆ మట్టే రింగులనూ లైనర్లనూ ఆకురాయిలా అరగదీసిందని అర్థం.

తర్వాత నీళ్లు. ఇంజన్ చల్లగా ఉండగానే రేడియేటర్ మూత తీసి చూడాలి. వేడి మీద తీస్తే మరిగే నీళ్లు ముఖాన చిమ్ముతాయి. బోరు నీళ్లలో కరిగిన లవణాలు ఎక్కువగా ఉండే ఈ మెట్ట ప్రాంతంలో, కూలెంట్ ఖర్చు ఎందుకని దొరికిన నీళ్లే పోస్తూ వచ్చిన బండ్లు చాలా ఉంటాయి. ఆ నీళ్లు లోపల గట్టి పొర కడతాయి, తుప్పు పట్టిస్తాయి. మే నెలలో ఎండ 44 డిగ్రీలు దాటినప్పుడు నిండు లోడుతో ఎక్కుడు ఎక్కే ఇంజన్‌కు ఆ పొర ఊపిరాడనివ్వదు. హెడ్ గాస్కెట్ పోవడం అక్కడే మొదలవుతుంది. నీళ్లు తుప్పు రంగులో ఉన్నా, పైన నూనె తెట్టు తేలినా, ఇంజన్ తిరుగుతుంటే ఆగకుండా బుడగలు వస్తున్నా జాగ్రత్త పడాలి.

ఆయిల్ నల్లగా ఉంటే భయపడనక్కర్లేదు, డీజిల్ ఇంజన్‌లో అది మామూలే. పాలు కలిపిన రంగులో ఉంటే మాత్రం నీళ్లు కలిశాయని అర్థం. పల్చబడి డీజిల్ వాసన వేస్తే నాజిళ్లో పంపో కారుతున్నాయి. అనుమానం కలిగేంత చిక్కగా ఉంటే, రింగుల అరుగుదలను దాచడానికే అలా పోసి ఉండవచ్చు. ఇంజన్ తిరుగుతుండగా ఆయిల్ పోసే మూత వదులు చేసి చూడాలి. కాస్త ఆవిరి సహజం. గుప్పుగుప్పున పొగ తన్నుతూ మూతను ఎగరేస్తుంటే ఇంజన్ ‘బోరుకొచ్చింది’, అంటే లోపల అరిగిపోయి విప్పి చేయించాల్సిన దశకు వచ్చింది.

ఆయిల్ ప్రెజర్ గేజిని కూడా వదలొద్దు. టాటా లారీల్లో ఎక్కువగా కనిపించే 5.9 లీటర్ల కమిన్స్ ఇంజన్‌కు బాగా వేడెక్కాక ఐడిల్‌లో కనీసం 10 పీఎస్‌ఐ, పూర్తి వేగంలో 30 పీఎస్‌ఐ ఉండాలి. అంతకన్నా తగ్గితే బేరింగుల సంగతి చూడాల్సిందే. గేజి పనిచేయకపోతే, టెస్ట్ గేజి తగిలించి చూపించమని అడగాలి.

ఇక పొగ. ఇంజన్ వేడెక్కినా నీలం పొగ ఆగకపోతే ఆయిల్ కాలుతోంది; రింగులో, వాల్వు గైడ్లో, టర్బో సీలో పోయినట్టు. లోడు మీద నల్లపొగ ఎక్కువైతే ఫిల్టర్ మూసుకుపోయి ఉండవచ్చు, నాజిళ్లు పాడై ఉండవచ్చు, లేదా పికప్ కోసం పంపు సెట్టింగ్ పెంచి ఉండవచ్చు. పాత బండ్లలో మికో పంపు మీది సీలు తెగి ఉందో లేదో చూస్తే ఆ ఆచూకీ దొరుకుతుంది. వేడెక్కాక కూడా తెల్లని ఆవిరి వస్తూనే ఉంటే నీళ్లు సిలిండర్‌లోకి చేరుతున్నాయి.

అనుభవమున్న మెకానిక్ వెంట ఉంటే మరో పరీక్ష చేస్తాడు. ఐడిల్‌లో ఒక్కో నాజిల్ పైపు నట్టును వదులు చేస్తూ శబ్దం వింటాడు. ఆ సిలిండర్ బాగా పనిచేస్తుంటే ఇంజన్ వెంటనే తడబడుతుంది. తేడా రాకపోతే ఆ సిలిండర్ ముందునుంచే దండగ. ఈ పద్ధతి టాటా 697 లాంటి పాత తరం ఇంజన్లకే. కామన్ రైల్ బండి మీద దీన్ని ఎవరూ ప్రయత్నించకూడదు. అక్కడ డీజిల్ వెయ్యి బార్లకు మించిన ఒత్తిడితో ఉంటుంది, చిమ్మితే చర్మాన్ని చీల్చి లోపలికి దిగుతుంది. 2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-4, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు వచ్చాయి. ఆ బండ్లకు స్కానర్ పెట్టి చూడాలి. యూరియా ట్యాంకు ఉన్న మోడల్ అయితే, పొగను శుద్ధి చేసే ఆ వ్యవస్థను తప్పించకుండా ఉంచారా అన్నదీ చూసుకోవాలి.

చివరి పరీక్ష రోడ్డు మీదే. ఖాళీ బండి ఎప్పుడూ హుషారుగానే ఉంటుంది. వీలైతే లోడుతో ఎక్కుడు ఎక్కించి చూడాలి. సముద్రమట్టానికి దగ్గరగా ఉండే విజయవాడ నుంచి 500 మీటర్లకు పైనున్న హైదరాబాద్‌కు నల్లగొండ మీదుగా బరువు లాగాల్సిన బండి ఇది. తిరిగొచ్చాక, అమ్మకానికని కడిగి రంగేసిన ఇంజన్ కిందికి మళ్లీ వంగి చూడాలి. దాచిన లీకులు అప్పుడు బయటపడతాయి.

‘‘ఇంజన్ మొన్ననే చేయించినం అన్నా’’ అన్న మాట తరచూ వినిపిస్తుంది. అది నిజమే కావచ్చు. అయినా క్రాంకు గ్రైండింగ్ అయిందా, పిస్టన్లు మార్చారా, వట్టి రింగులేనా అని అడిగి, లేత్ బిల్లులు, విడిభాగాల బిల్లులు చూడాలి. ఇంజన్ నంబరు ఆర్‌సీలోని నంబరుతో కలవాలి. వేరే ఇంజన్ బిగిస్తే దాన్ని ఆర్‌సీలో ఎక్కించుకోవాలన్నది చట్టం. వయసూ ముఖ్యమే. నేషనల్ పర్మిట్ మామూలు లారీకి 12 ఏళ్లు, మల్టీ యాక్సిల్‌కు 15 ఏళ్లు దాటితే ఇవ్వరు. ఎనిమిదేళ్లు దాటిన బండికి ఏటా ఫిట్‌నెస్ తప్పదు.

లోపం కనబడగానే బేరం వదులుకోనక్కర్లేదు, దాని ఖర్చు ధరలో తగ్గించుకోవాలి. నెలకు 5,000 కిలోమీటర్లు తిరిగే లారీ లీటరుకు నాలుగున్నర బదులు నాలుగే ఇస్తే, నెలకు దాదాపు 139 లీటర్లు అదనంగా తాగుతుంది. లీటరు ₹95 చొప్పున అది ₹13 వేలకు పైమాటే. ఫైనాన్స్ కిస్తీ కట్టే ఓనర్ కమ్ డ్రైవర్‌కు ఇది చిన్న మొత్తం కాదు. సాగర్ ఎడమ కాలువ కింద వానాకాలం వడ్లు మిర్యాలగూడ మిల్లులకు వచ్చే అక్టోబరు, నవంబరుల్లో లోడ్లు ఎక్కువగా దొరుకుతాయి. కొనేవారు రెండు నెలల ముందే, ఆగస్టులోనే బండి చూసుకుంటే, ఇంజన్ విప్పించాల్సి వచ్చినా సీజన్ నాటికి అది రోడ్డెక్కుతుంది.