బీరువా తాళం తీస్తారా సారూ?

దసరా దాటిందంటే నారాయణఖేడ్ చుట్టుపక్కల తండాల్లో చాలా ఇళ్లకు తాళాలు పడతాయి. చెరకు నరికే కైకిలికి ఆలుమగలు జోడీగా పోతారు. బడి ఈడు పిల్లల్ని ముసలమ్మ దగ్గర వదిలితే వదిలినట్టు, లేదంటే వాళ్లూ సామానుతోపాటు బండెక్కుతారు. ఫ్యాక్టరీ గానుగ ఆగి, ఊరు చేరేసరికి తరగతిలో పాఠం ఎక్కడికో పోయి ఉంటుంది. పిల్లల చేత పుస్తకం చదివించడం గురించి ఈ తండాల వైపు మాట్లాడాలంటే ఇక్కణ్నుంచే మొదలుపెట్టాలి. పట్నంలో పుస్తకానికి పోటీ ఫోను. ఇక్కడ ఫోనూ ఉంది, దానికన్నా ముందు కొడవలి ఉంది.

రెండో చిక్కు భాషది. కర్ణాటకలోని బీదర్ ఇక్కడికి దగ్గరే. సంతలో తెలుగు, కన్నడ, దక్కనీ ఉర్దూ ఒకే బేరంలో కలిసిపోతాయి. తండాలో ఇంటిమాట లంబాడీ. ఆరేళ్ల పిల్ల ముందు తెలుగు వాచకం తెరిస్తే అక్షరమూ కొత్తే, మాటా కొత్తే. కూడబలుక్కుని ‘ఆవు’ అని చదివినా, ఇంటి దగ్గర తను మేత వేసే ఆవు అదేనని ఆమెకు తట్టదు. 2004లో ఉమ్మడి రాష్ట్రం లంబాడీతో కలిపి ఎనిమిది గిరిజన భాషల్లో, తెలుగు లిపిలోనే, చదువు మొదలుపెట్టించింది. నా మటుకు, పిల్లల చదువు కోసం మన సర్కార్లు చేసిన తెలివైన పనుల్లో అదొకటి.

ఇంతకీ చదవాలన్న ఆశ ఎలా పుడుతుంది? చెవి నుంచి. పిల్లల చదువు గురించి గిజుభాయి రాసిన ‘పగటికల’ పుస్తకంలో పంతులు మొదటిరోజు పిల్లల చేత మౌనం ఆట ఆడించబోయి అభాసుపాలవుతాడు. మర్నాడు కథ ఎత్తుకుంటాడు, తరగతి చెవులు రిక్కిస్తుంది. ఆ తర్వాత ఆయన చేసిన పని నాకు మరీ ఇష్టం: తలా ఒక పాఠ్యపుస్తకం కొనే డబ్బులు పోగేసి, తరగతికి కథల పుస్తకాలు తెస్తాడు. పుస్తకాలు పిల్లల మధ్యనే ఉంటాయి, చేతులు మారుతుంటాయి.

మన దగ్గర డబ్బు లేదా అంటే, కొద్దోగొప్పో ఉంది. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా పోతుంది. పేరు తెలియకుండానే కట్టేవాళ్లే ఎక్కువ. సమగ్ర శిక్ష కింద ప్రాథమిక బడికి ఏటా 5,000 రూపాయల దాకా పుస్తకాల నిధి ఉంది. 2022 ఫిబ్రవరిలో పిల్లల చేత చదివించే వంద రోజుల ‘రీడ్’ కార్యక్రమం కూడా వచ్చింది. ఆ వంద రోజులు గడిచాక పుస్తకాలు ఎక్కడికి చేరతాయో బడి గడప తొక్కినవారందరికీ తెలుసు: హెడ్‌మాస్టర్ గదిలో ఇనుప బీరువాలోకి.

సారును తప్పుపట్టలేం. పుస్తకం పోతే స్టాక్ రిజిస్టర్‌లో జవాబు చెప్పాల్సింది ఆయనే. అందుకే తనిఖీ రోజున అట్టలు తళతళలాడుతుంటాయి. పిల్లల పుస్తకం కొత్తగా ఉందంటే దాన్ని ఎవరూ చదవలేదని అర్థం. మూలలు నలిగి, అట్ట ఊడి, నూనె మరకలంటి, నడుమ రెండు పేజీలు ఎగిరిపోయిన పుస్తకమే బడికి గొప్ప. తనిఖీకి వచ్చిన అధికారి ‘చిరిగినవి ఎన్ని?’ అని అడిగిన రోజున తాళాలు వాటంతటవే ఊడతాయి.

నారాయణఖేడ్ ఉన్న జిల్లాలోనే, జోగిపేటలో, 1930లో నిజాం రాజ్యంలోని తెలుగువాళ్ల మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. అధ్యక్షుడు సురవరం ప్రతాపరెడ్డి. సభ పెట్టుకోవాలంటేనే నిజాం సర్కారు అనుమతి కావాల్సిన కాలమది. అలాంటప్పుడు కూడా ఆ సభ మనుషుల్లా ఊళ్లలో గ్రంథాలయాలు పెట్టి తెలుగు చదివించినవాళ్ల జిల్లాలో, ఇవాళ అడ్డం వస్తున్నది ఒక రిజిస్టర్!

ఈ దసరాకు వలసపోయే పిల్లల సంచిలో తలా రెండు బొమ్మల కథల పుస్తకాలు పెట్టి పంపితే? గుడిసె ముందు, కిరోసిన్ బుడ్డి వెలుగులో కాకపోతే సెల్‌ఫోన్ లైటులో, అక్క చదువుతుంటే తమ్ముడు బొమ్మలు చూస్తాడు. చెరకు రసం అంటి పేజీలు అతుక్కుంటాయి. ఉగాదికి పుస్తకం తిరిగి రాకపోతే సారు రిజిస్టర్‌లో ఆ వరసకు ఎదురుగా రాసుకోవచ్చు: ‘చెరకు తోటలో ఉంది.’