రక్తపిశాచి నగరంలో దృక్కోణం: ఒక పరిశీలన

కంప్యూటర్ ఆట మీద సాహిత్య విమర్శ పత్రికలో వ్యాసమేమిటని కొందరు మిత్రులకు అనిపించవచ్చు. కథ ఉన్నచోట దృక్కోణం ఉంటుంది, దృక్కోణం ఉన్నచోట విమర్శకుడికి పని ఉంటుంది. అంతకు మించిన సంజాయిషీ అవసరం లేదనుకుంటాను. నేను పరిశీలిస్తున్నది 2025 అక్టోబరులో వెలువడిన ‘వాంపైర్: ది మాస్కరేడ్ - బ్లడ్‌లైన్స్ 2’. 2004 నవంబరులో వచ్చిన ‘బ్లడ్‌లైన్స్’కు ఇది కొనసాగింపు. రెంటికీ మూలం 1991లో అమెరికాలో వెలువడిన ఒక ఆట. దాన్ని బల్ల చుట్టూ కూర్చుని మాటలతో, పాచికలతో ఆడతారు.

యూరపు సాహిత్యంలో రక్తపిశాచి మొదటినుంచీ ఆస్తిపరుడే. మన కథల్లో దయ్యానికి చింతచెట్టు చాలు. 1819లో పోలిడోరి రాసిన కథలో వాడు ప్రభువు. 1897లో బ్రాం స్టోకర్ నవలలోని డ్రాకులా కోటకు యజమాని, ఇంగ్లండులో ఇల్లు కొనడానికి న్యాయవాద గుమస్తాను తన కోటకే రప్పించుకున్నవాడు. అంతకు 30 ఏళ్ల ముందే, 1867లో, మార్క్స్ ‘పెట్టుబడి’లో పనిదినాన్ని చర్చిస్తూ ఈ ప్రతీకను వాడుకున్నాడు. కనుక రక్తపిశాచి కథను చేతిలోకి తీసుకున్నప్పుడు, కథకుడు ఎక్కడ నిలబడి చూస్తున్నాడని అడగడం న్యాయం.

2004 నాటి ఆట లాస్ ఏంజిలిస్‌లో జరుగుతుంది. అందులో మనం అప్పుడే పిశాచంగా మారినవాళ్లం. అనుమతి లేకుండా మనల్ని మార్చినందుకు ఆ మార్చిన వ్యక్తి తలను పెద్దల సభలో మన కళ్లెదుటే నరికేస్తారు. నగరాధిపతి లక్రాయ్ మనల్ని బతకనిస్తాడు. ఆ దయకు వడ్డీగా పనులు చెబుతూనే ఉంటాడు. అంటే నిచ్చెన అడుగు మెట్టు మీదినుంచి ఆ లోకాన్ని చూస్తాం.

ఇంతవరకు ఏ నవలైనా చేయగలదు. ఆట ప్రత్యేకత దాని నియమాల్లో ఉంది. అమాయకుణ్ణి పూర్తిగా పీల్చి చంపితే మన ‘మానవత్వం’ అంకె తగ్గుతుంది. మనుషుల ఎదుట పిశాచ లక్షణం బయటపెడితే ఉల్లంఘన కింద లెక్క. అలాంటివి అయిదైతే ఆట ముగిసినట్టే. వెంట్రూ అనే దొరల తెగను ఎంచుకుంటే ఎలుకల రక్తం పనికిరాదు, వీధిలో పడుకునే నిరుపేదల రక్తం కడుపులో ఇమడదు, వాంతవుతుంది. నోస్ఫెరాటూ తెగవాళ్లు వికృతరూపులు. జనం కంటపడకూడదు గనుక వాళ్లకు మురుగుకాలువలే దారి. ఒకే నగరం, పుట్టుకను బట్టి రెండు భూగోళాలు! దీని మీద ఒక్క ఉపన్యాసం కూడా ఉండదు. మన కథకులు కొందరు ఇక్కడ పాత్ర చేత రెండు పేజీలు మాట్లాడించి ఉండేవారు.

హెదర్ పాత్రను విద్యార్థులు ప్రత్యేకంగా గమనించాలి. ఆమె ఒక కాలేజీ అమ్మాయి. శాంటా మోనికాలోని వైద్యశాలలో చావుబతుకుల మధ్య ఉంటుంది. మన రక్తం ఇస్తే బతుకుతుంది. బతికి, ఆ రక్తానికి బానిసై మనల్ని వెతుక్కుంటూ వస్తుంది. చదువు మానేస్తుంది. డబ్బు తెచ్చి ఇస్తుంది. మన ఆకలి తీర్చడానికి ఒక మనిషిని తెచ్చి ఇంట్లో బంధిస్తుంది. ఇదంతా సంతోషంగా చేస్తుంది, ప్రేమ అనుకుంటుంది. వెట్టిని ఇంత లోపలినుంచి చూపిన రచనలు నేను తక్కువే చదివాను. ఆమెను ఉంచుకుంటే మనకు లాభమే, కాని చివరకు శత్రువుల చేతిలో చస్తుంది. నేను పంపించివేశాను. వెళ్లనని బతిమాలింది. ఆ లాభాన్ని వదులుకోవలసింది ఆడేవాడే కావడంవల్ల ఆ సన్నివేశానికి బలం వచ్చింది.

ఇప్పుడు రెండవ ఆటకు వద్దాం. మంచు కురిసే సియాటిల్. మన పాత్ర ఫైర్, శతాబ్దాల వయసున్న పెద్ద పిశాచి, దీర్ఘనిద్రనుంచి లేచింది. మొదటి రాత్రే గోడలెక్కుతుంది, గాలిలో తేలుతుంది, చేయి తగలకుండానే తుపాకులను పైకి లేపి పేలుస్తుంది. నగరం అందంగా ఉంది, పోరాటాల్లో ఊపు ఉంది; కాదనను. అయితే మానవత్వాన్ని కొలిచే ఆ పాత లెక్క ఇందులో లేదు. దాని స్థానంలో వేరొక లెక్క వచ్చింది. వీధిలో మనిషిని కవ్వించాలి, లేదా రెచ్చగొట్టాలి, లేదా భయపెట్టాలి. ఆ ఉద్రేకంలో ఉండగా పీలిస్తే ఆ రకం రక్తం జమ అవుతుంది. దాన్ని చెల్లించి ఇతర తెగల శక్తులు నేర్చుకోవచ్చు. మనిషి మోహం, కోపం, దిగులు మూడూ చెల్లుబాటు నాణేలే. నా దృష్టిలో ఈ కొనసాగింపులోకెల్లా పదునైన ఊహ ఇదే. దాన్ని అసహ్యంగా తోచేటట్టు చేయడానికి మాత్రం ఆట ఏమీ చేయదు. జమ చేస్తుంది, అంతే.

దోపిడీదారు లోపలినుంచి కథ చెప్పడం తప్పా అని వాదించవచ్చు. తప్పు కాదు. అలా చెప్పిన మంచి నవలలున్నాయి. కాని వాటిలో వాక్యం కథానాయకుడికి ఎదురు తిరుగుతూ ఉంటుంది. ఇక్కడ నియమం అతని పక్షాన నిలబడింది. దీనికి మినహాయింపు ఫాబియెన్. ఇతను ఫైర్ తలలో గొంతుగా ఉండే డిటెక్టివ్. గతంలో నడిచే అతని ఘట్టాల్లో పోరాటం ఉండదు, నడక, ప్రశ్నలు, మతి చలించిన మాటలు మాత్రమే. అవి విసుగని చాలామంది అన్నారు. నాకు మాత్రం అక్కడే రచయిత చేయి కనిపించింది.

ఈ రచన చాలా చేతులు మారింది. 2019లో ప్రకటించారు. మొదటి ఆటకు ముఖ్య రచయితల్లో ఒకరైన బ్రయాన్ మిట్సోడా దీనికీ రాస్తుండగా 2020లో తొలగించారు. 2021లో తయారుచేస్తున్న సంస్థనే తప్పించారు. 2023లో ‘ది చైనీస్ రూమ్’ అనే బ్రిటిష్ సంస్థ పేరు బయటికొచ్చింది. మొదటి ఆట కథా అంతే. దాన్ని తయారుచేసిన ట్రోయికా 2005లో మూతపడింది. ఆ ఆటలోని లోపాలను అభిమానులు జీతం లేకుండా ఏళ్ల తరబడి సరిదిద్దుతూ వచ్చారు.

రెండవ ఆటలో లసోంబ్రా, టొరియడార్ అనే రెండు తెగలను విడిగా అమ్ముతామని 2025 ఆగస్టులో ప్రకటించారు. ఆటగాళ్లు గట్టిగా అభ్యంతరం చెప్పారు, ఆట విడుదల కాకముందే ఆ రెండింటినీ మూల ఆటలో కలిపేశారు. టొరియడార్ కళాకారుల తెగ. ఇప్పుడు ఆ తెగతోనే రెండోసారి ఆడుతున్నాను.