ఒక్క చుట్టుకు 1.8 సెకన్లు

ఆదివారం ఆబిడ్స్‌లో దుకాణాల షట్టర్లు దించి ఉంటాయి. ఫుట్‌పాత్ అంతా పాత పుస్తకాల వాళ్లదే. జీపీవో సర్కిల్ చుట్టుపక్కల పరిచిన ఆ పుస్తకాల మధ్య ఎప్పుడైనా ఒక అట్టపెట్టెలో పాత ఎల్పీలు కూడా తగులుతాయి. తెలిసినవాళ్లు కవరు మీది బొమ్మ చూసి కొనరు. ప్లేటు బయటికి తీసి, అంచులు రెండు అరచేతుల మధ్య పట్టుకుని, వెలుతురుకు ఏటవాలుగా తిప్పి చూస్తారు. గోరు తగిలితే తెలిసేంత లోతు గీతలున్నాయా? కంటి ఎత్తులో పెట్టి చూస్తే అంచు వంగి ఉందా? మధ్య బెజ్జం చుట్టూ, లేబుల్ మీద, స్పిండిల్ గీసిన సన్నని జాడలు ఎన్ని? జాడలు ఎక్కువైతే ఆ ప్లేటు చాలాసార్లు తిరిగిందన్నమాట. తళతళలాడే ప్లేటు కూడా ఈ చోట అబద్ధం చెప్పలేదు.

పోస్టులో వచ్చిన సరికొత్త టెక్నో ప్లేటును సమీక్ష కోసం విప్పినప్పుడు కూడా నేను ముందు చేసే పని ఇదే. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిడ్ పెట్టిన దుకాణం వల్ల పేరొచ్చిన ఈ బజారులో కొత్త టెక్నో ప్లేటు నాకు ఎన్నడూ కనబడలేదు. అది బెర్లిన్ నుంచో డెట్రాయిట్ నుంచో తెప్పించుకోవలసిందే. కానీ ప్లేటును కంటితో చదవడం మాత్రం ఈ ఫుట్‌పాత్ మీదే నేర్చుకోవచ్చు. టెక్నో ప్లేటులో కంటికి కనిపించేది మామూలు ప్లేటులో కన్నా చాలా ఎక్కువ. ఎందుకంటే ప్లేటు మీద చోటు కొంతే. శబ్దం గట్టిగా రావాలంటే గాడి పక్కలకు బాగా ఊగాలి. బాగా ఊగితే చోటు మింగేస్తుంది, పాట నిడివి తగ్గుతుంది. రికార్డు పుట్టినప్పటి నుంచి దాని బతుకంతా ఈ బేరమే. ఆ బేరాన్ని పూర్తిగా తనవైపు తిప్పుకున్న సంగీతం టెక్నో అని నా గట్టి నమ్మకం.

1877లో థామస్ ఎడిసన్ ఫోనోగ్రాఫులో ముల్లు తగరపు రేకు చుట్టిన స్థూపాన్ని పైకీ కిందికీ నొక్కుతూ పోయేది. 1887లో ఎమిల్ బెర్లినర్ పేటెంటు తీసుకున్న గ్రామఫోనులో ముల్లు పక్కలకు ఊగింది, త్వరలోనే స్థూపం పోయి బల్లపరుపు పళ్లెం వచ్చింది. పళ్లేనికి అచ్చు తీయవచ్చు. ఒక్క అచ్చుతో వేల ప్రతులు నొక్కవచ్చు. ప్లేటు వ్యాపారమంతా దీని మీదే నిలబడింది.

నొక్కడానికి పనికొచ్చిన సరుకు మన అడవులది. చార్మినార్ దగ్గర లాడ్ బజార్‌లో గాజులు చేసే లక్క, 78 ఆర్‌పీఎం ప్లేట్లలో వాడిన షెల్లాక్, రెండూ ఒకే పురుగు చెట్టు కొమ్మల మీద పెట్టే జిగురు. ఛోటానాగపూర్ ప్రాంతం నుంచి అది ప్రపంచమంతా వెళ్లేది. శుద్ధి చేసిన లక్కలో మెత్తని రాతిపొడి, నూలు పీచు, నల్లరంగు కలిపి వేడిగా నొక్కితే ప్లేటు. రాతిపొడి కలపడం పిసినారితనంతో కాదు. ఉక్కు ముల్లును మొదటి కొన్ని చుట్లలోనే అరగదీసి గాడి ఆకారానికి తెచ్చేది ఆ పొడే. పాత ప్లేట్లలో వినిపించే చరచర ఆ రాపిడిదే, ప్రతి ప్లేటుకూ కొత్త ముల్లు బిగించవలసి రావడమూ అందుకే. 1902 నవంబరులో గ్రామఫోన్ కంపెనీ మనిషి ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో గౌహర్ జాన్ పాటలు రికార్డు చేశాడు. 1908లో కంపెనీ అక్కడే సియాల్దాలో కర్మాగారం పెట్టింది, 1928లో డమ్‌డమ్‌కు మార్చింది.

78 ప్లేటు ఒక వైపు మూడు, మూడున్నర నిమిషాలు. ఈ కొలత ఎంత కఠినమైనదో తెలుగు నాటక పద్యానికి బాగా తెలుసు. వేదిక మీద కపిలవాయి రామనాథశాస్త్రి లాంటి గాయకుడు పద్యం ఎత్తుకుంటే రాగం ఎంతసేపు సాగాలో వన్స్‌మోర్లు తేల్చేవి. గ్రామఫోను ముందు గడియారం తేల్చింది. రాగాన్ని కురచ చేసి, పద్యాన్ని ఆ మూడు నిమిషాల్లోకి కుదించి పాడితేనే ప్లేటు పూర్తయ్యేది. ఊరూరా మారుమోగిన ఆ పద్యాల బిగువులో కొంత వాటా గాడిదే అనాలి.

రెండో ప్రపంచ యుద్ధంలో లక్క దొరకడం కష్టమైంది. సైనికులకు పంపే ప్లేట్లను అమెరికన్లు వినైల్‌తో నొక్కడం మొదలుపెట్టారు. వినైల్ అంటే పీవీసీ, మన నీళ్ల పైపుల కుటుంబమే. అందులో రాతిపొడి అక్కర్లేదు. నున్నగా ఉంటుంది కాబట్టి గాడి సన్నగా తీయవచ్చు. 1948లో కొలంబియా కంపెనీ నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే ఎల్పీ తెచ్చింది, ఒక వైపే ఇరవై నిమిషాలకు పైగా. మరుసటి ఏడాది ఆర్‌సీఏ విక్టర్ 45 చుట్ల చిన్న ప్లేటు తెచ్చింది. ఎల్పీ గాడి వెడల్పు సుమారు 50 మైక్రోమీటర్లు, వెంట్రుక కన్నా సన్నం. ఇరవై నిమిషాల వైపున గాడిని విప్పి సాగదీస్తే 430 మీటర్లదాకా వస్తుంది.

అసలు చిక్కు బేస్‌తో. ముల్లు అదే వేగంతో ఊగుతూ సెకనుకు 1000 కంపనాల స్వరం పలకాలంటే ఎంత దూరం జరగాలో, 50 కంపనాల స్వరానికి అంతకు 20 రెట్లు జరగాలి. అలా కోస్తే పక్క గాడిలోకి దూసుకుపోతుంది. అందుకని కోసేటప్పుడు బేస్‌ను బాగా తగ్గించి, పైస్వరాలను పెంచుతారు. వినేటప్పుడు ఆంప్లిఫయర్‌లోని ఫోనో భాగం దాన్ని సరిగ్గా తిరగేస్తుంది. 1954లో అమెరికా రికార్డు పరిశ్రమ ఖరారు చేసిన లెక్క ప్రకారం 20 కంపనాల దగ్గర తగ్గింపు 19 డెసిబెల్స్ పైనే, అంటే ఊపు సుమారు తొమ్మిదో వంతుకు పడిపోతుంది. టర్న్‌టేబుల్‌ను ఫోనో కాకుండా మామూలు సాకెట్‌లో పెడితే పాట కీచుగా, పొట్ట లేకుండా వినిపించేది ఇందుకే. ఇక స్టీరియో. అలన్ బ్లమ్‌లైన్ 1931లో వేసిన పేటెంటులోని పద్ధతిలో గాడికి రెండు గోడలు, ఒక్కోటి 45 డిగ్రీల వాలు, కుడి ఎడమలకు చెరొకటి. రెండు గోడల్లో శబ్దం ఒకేలా ఉంటే ముల్లు పక్కలకు ఊగుతుంది, తేడా ఉంటే పైకీ కిందికీ లేస్తుంది. బలమైన బేస్ ఒక పక్కకు ఒరిగితే గాడి లోతు తగ్గి ముల్లు ఎగిరిపోతుంది. అందుకే ప్లేటు కోసే ఇంజనీరు బేస్‌ను నడిమధ్యకు లాగుతాడు.

ఈ బేరంలో మలుపు 1970ల మధ్యలో న్యూయార్క్‌లో ఒక చిన్న కొరత వల్ల వచ్చింది. టామ్ మౌల్టన్ అనే మిక్సింగ్ నిపుణుడి పాటను కోయడానికి ఏడంగుళాల ఖాళీ డిస్కులు అయిపోయాయి. ఇంజనీరు హోజే రోడ్రిగెజ్ పదంగుళాల డిస్కు తీశాడు. మూడు నాలుగు నిమిషాల పాట అంత చోటులో వెలితిగా కనబడడంతో గాడిని విశాలంగా, గట్టిగా కోశాడు. వింటే ఇద్దరికీ మతిపోయింది. 1976లో సాల్‌సోల్ సంస్థ డబుల్ ఎక్స్‌పోజర్ పాడిన ‘టెన్ పర్సెంట్’ను పన్నెండంగుళాల సింగిల్‌గా అమ్మకానికి పెట్టింది. ఎల్పీ అంత ప్లేటు, వైపుకు ఒక్క పాట. నాట్యశాలలో గుండెకు తగిలే బేస్‌కు చివరికి చోటు దొరికింది.

ప్లేటు సిద్ధమైంది, దాన్ని తిప్పే యంత్రం కూడా సిద్ధం కావాలి. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ దాటి అసెంబ్లీకి ఎదురుగా ఉన్న ఆకాశవాణి కేంద్రం లాంటి చోట్ల, ప్లేట్ల కాలంలో, అనౌన్సర్ మాట ముగిసీ ముగియగానే పాట అందుకోవాలి. రబ్బరు బెల్టుతో తిరిగే పళ్లెం వేగం అందుకోవడానికి కొంత సమయం తీసుకుంటుంది. 1970లో జపాన్‌లో మత్సుషిత కంపెనీ టెక్నిక్స్ పేరుతో తెచ్చిన ఎస్‌పీ-10లో బెల్టు లేదు, మోటారు ఇరుసే పళ్లెం ఇరుసు. ఆ పద్ధతితోనే ఇళ్ల కోసం తెచ్చినది 1972 నాటి ఎస్‌ఎల్-1200. 1979లో వచ్చిన ఎంకే2 రకానికి పక్కన జరిపే మీట పెట్టారు, వేగాన్ని 8 శాతం అటూ ఇటూ మార్చుకోవచ్చు. రెండు పళ్లేలు పక్కపక్కన పెట్టి, ఒకదాని దరువుకు రెండోదాని దరువు కలిపి, వినేవాళ్లకు అతుకు తెలియకుండా గంటల తరబడి నడపడం ఆ మీటతో సులువైంది.

డెట్రాయిట్ కుర్రాళ్లు వాన్ ఆట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ 1980ల నడుమ చేసిన సంగీతం సరిగ్గా ఈ రెండు యంత్రాల కోసం పుట్టింది. 1985లో ఆట్కిన్స్ తన మెట్రోప్లెక్స్ సంస్థ నుంచి ‘నో యూఎఫ్‌ఓస్’ విడుదల చేశాడు. 1988లో లండన్‌లో వచ్చిన ఒక సంకలనం ఈ సంగీతానికి టెక్నో పేరును ప్రపంచంలో స్థిరపరిచింది. డెట్రాయిట్‌లో ఎన్నో ప్లేట్లు కోసినవాడు రాన్ మర్ఫీ. జెఫ్ మిల్స్ లాంటివాళ్లు గాడిని లోపలికి సాగనీయకుండా దాని తోకను దానికే కలిపే ప్రయోగాలు చేశారు. అలాంటి మూసిన గాడిలో ముల్లు పెడితే తీసేదాకా అదే చుట్టు తిరుగుతుంది. లెక్క చూడండి. 33⅓ వేగంలో ఒక్క చుట్టుకు 1.8 సెకన్లు. అందులో నాలుగు దరువులు సరిగ్గా పట్టాలంటే దరువుకు 0.45 సెకను, అంటే నిమిషానికి 133.33 దరువులు. టెక్నో మామూలుగా నడిచే వేగం దాదాపు అదే!

ఈ పొత్తు వల్లే టెక్నో ప్లేటును కళ్లతో చదవవచ్చు. వెలుతురుకు తిప్పండి. కిక్ డ్రమ్ పడిన ప్రతిచోటా గాడి వెడల్పుగా ఊగి కాస్త లేత రంగులో మెరుస్తుంది. పాట వేగం 133.33 అయితే ఆ మెరుపులు చుట్టు చుట్టుకూ ఒకే చోట పడి, లేబుల్ నుంచి అంచుదాకా నాలుగు ఆకులున్న బండిచక్రంలా తేలతాయి. వేగం 130 అయితే ప్రతి చుట్టుకూ కాస్త జరిగి, ఆకులు వంపు తిరుగుతాయి. 45 వేగంలో 135 దరువుల పాటకు చుట్టుకు సరిగ్గా మూడు దరువులు, మూడు ఆకులు. డ్రమ్ ఆగిన చోట నల్లని నున్నని పట్టీ. ముల్లు పెట్టక ముందే పాట ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో కనబడుతుంది. డీజేలు చీకట్లో చిన్న దీపం కింద చూసుకునేది ఈ పట్టీలనే.

మన దేశంలోనూ ఈ కథకు ఒక పేజీ ఉంది. 1982లో బొంబాయి వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ రోలాండ్ కంపెనీ టీఆర్-808 డ్రమ్ యంత్రాన్నీ టీబీ-303 బేస్ యంత్రాన్నీ పెట్టుకుని పది రాగాలను డిస్కో దరువు మీద వాయించాడు. హెచ్‌ఎంవీ ఎల్పీగా వేసింది. ఎవరూ పట్టించుకోలేదు. 303 గొంతుతో షికాగోలో ఫ్యూచర్ బృందం ‘యాసిడ్ ట్రాక్స్’ను విడుదల చేయడానికి అయిదేళ్ల ముందు సంగతి ఇది. 2010లో ఒక డచ్చి సంస్థ తిరిగి వేశాకే లోకం విన్నది. సింగ్ 2015లో పోయాడు. రెండు వైపులా రాగాలు దండిగా కుక్కిన ఎల్పీ అది. అదే పన్నెండంగుళాల 45 ప్లేట్లుగా, వైపుకు ఒక్క రాగంగా వచ్చి ఉంటే ఆ బేస్ ఎలా మోగేదో అని ఎప్పుడూ అనిపిస్తుంది.

సమీక్షలో నేను చూసే తప్పులు కూడా గాడి లెక్కలోంచే వస్తాయి. బెజ్జం అర మిల్లీమీటరు పక్కకు పోతే లోపలి గాడుల దగ్గర స్వరం 0.8 శాతం పైకీ కిందికీ, 1.8 సెకన్లకోసారి ఊగుతుంది. డ్రమ్‌లో తెలియదు, సాగదీసిన సింథసైజర్ స్వరంలో కడుపులో తిప్పినట్టుంటుంది. 33⅓ వేగంలో బయటి అంచున గాడి సెకనుకు సుమారు 51 సెంటీమీటర్లు పరిగెత్తితే లేబుల్ దగ్గర 21 మాత్రమే. అంత కుదించుకుపోయిన పైస్వరాలు అక్కడ చిరుగుతాయి. అందుకే మంచి ఇంజనీరు కోసిన ప్లేటులో లేబుల్ చుట్టూ విశాలంగా ఖాళీ వదిలి ఉంటుంది. ఖాళీ జాగాలో చేత్తో గీసిన సంకేతాలు చూసి ఎవరు కోశారో చెప్పవచ్చు. కవరు మీద 180 గ్రాములని గొప్పగా వేసుకుంటారు. బరువు పెరిగినంత మాత్రాన గాడి లోతు పెరగదు. ఆ అంకెకు నా దగ్గర మార్కుల్లేవు.

కోసే డిస్కు అల్యూమినియం మీద నైట్రోసెల్యులోజ్ లక్కర్ పూసినది. దాని మీద వెండి పూత, ఆపైన నికెల్ పెంచి, ఊడదీసి, తల్లి అచ్చు, దాన్నుంచి స్టాంపర్లు తీస్తారు. సుమారు 150 డిగ్రీల వేడిలో, వంద టన్నుల ఒత్తిడితో అరనిమిషంలో ప్లేటు తయారు. 2020 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని అపోలో మాస్టర్స్ కర్మాగారం కాలిపోయినప్పుడు లక్కర్ డిస్కులకు జపాన్‌లో ఒక్క తయారీదారే పెద్ద దిక్కయ్యాడు. మరోపక్క గిరాకీ పెరుగుతోంది. 2022లో అమెరికాలో 4.1 కోట్ల వినైల్ ప్లేట్లు అమ్ముడై, 1987 తర్వాత మొదటిసారి సీడీలను దాటాయి. మన దేశంలో ఎప్పుడో ఆగిపోయిన ప్లేట్ల తయారీ 2024లో నవీ ముంబైలో మళ్లీ మొదలైంది.

కాబట్టి హైదరాబాదులో టెక్నో చేసే కుర్రాళ్లు ఇప్పుడు ప్లేటు వేయించుకోవచ్చు. వేయించుకుంటే నాలుగు పాటలు ఒకే ప్లేటులో ఇరికించకండి. 45 వేగం, వైపుకు ఒక్క పాట, పది నిమిషాలకు మించకుండా, బేస్ నడిమధ్యన. నమూనా ప్లేటు, అంటే టెస్ట్ ప్రెస్సింగ్, రాగానే చివరి రెండు నిమిషాలు ముందు వినండి, తప్పంతా అక్కడే దాక్కుంటుంది. బెజ్జం పక్కకు పోయినా, వినైల్ అచ్చులో పూర్తిగా నిండక చరచర వచ్చినా ముద్దరవేసి ఒప్పుకోకండి. సరిచేసి మళ్లీ పంపమని అడగండి.