కుక్క ఫోటో తీయాలంటే ముందు నేల మీద కూర్చోండి

పోయిన ఎపిసోడ్ తర్వాత చాలామంది ఒకటే అడిగారు: "అన్నా, మా కుక్క ఫోటోలు అస్సలు బాగా రావట్లేదు, ఏ ఫోన్ కొనమంటావ్?" కొత్త ఫోన్ అక్కర్లేదు. ఎందుకో చెప్తా, ముందు నా సంగతి వినండి.

మా ఇంట్లో బ్లాకీ అని నల్ల కుక్క ఉండేది. బ్రీడ్ ఏమీ కాదు, మా వీధిలో పుట్టిందే. నేను ఇంటర్‌లో ఉండగా వచ్చింది. నా బీటెక్ అయింది, జాబ్ వచ్చింది, అది మానేసి వీడియోలు మొదలుపెట్టాను, అన్నీ చూసి పోయినేడాది చనిపోయింది. "ఒక మంచి ఫోటో చూడరా, ఫ్రేమ్ కట్టిద్దాం" అంది అమ్మ. నా ఫోన్‌లో 300 పైనే ఉన్నాయి. ఒక్కటీ పనికిరాలేదు. అన్నీ నేను నిలబడి పైనుంచి తీసినవే. పెద్ద తల, పొట్టి కాళ్ళు, మధ్యలో నల్లటి ముద్ద. కెమెరాతోనే బతికేవాణ్ణి కదా, సిగ్గేసింది.

చివరికి ఫ్రేమ్‌కి వెళ్ళింది పక్కింటి అక్క కొడుకు తీసిన ఫోటో. మూడో తరగతి వాడు. మెట్ల మీద కూర్చుని వాళ్ళమ్మ ఫోన్‌తో తీశాడు. లెన్స్ సరిగ్గా బ్లాకీ కళ్ళ ఎత్తులో ఉంది, అంతే తేడా.

అందుకే మీరూ కిందికి దిగండి. కూర్చోండి, అవసరమైతే పడుకోండి. ఫోన్‌ని తలకిందులుగా పట్టుకుంటే కెమెరా నేలకి ఇంకా దగ్గరవుతుంది. ఎలియట్ ఎర్విట్ 1974లో న్యూయార్క్‌లో తీసిన ఒక ఫోటో ఉంది, వెతికి చూడండి. టోపీ పెట్టుకున్న బుల్లి చివావా, పక్కన ఒకావిడ బూట్లు, ఆ పక్కన గ్రేట్ డేన్ ముందు కాళ్ళు. ఆవిడ మొహం లేదు, పెద్ద కుక్క తల కూడా లేదు. కెమెరా కిందికి దిగింది కాబట్టి ఆ బుల్లిదే హీరో.

అలాగని మూతి మీదకి వెళ్ళిపోకండి. ఫోన్ మెయిన్ కెమెరా వైడ్ లెన్స్. మరీ దగ్గరగా పెడితే ముక్కు వంకాయంత, చెవులు చిన్నగా వస్తాయి. నాలుగైదు అడుగులు వెనక్కి జరిగి 2ఎక్స్ పెట్టండి.

సెట్టింగ్స్‌లో గ్రిడ్ ఆన్ చేసి, కళ్ళని పై గీత దగ్గర ఉంచండి. అది ఎటు చూస్తుంటే అటు ఎక్కువ ఖాళీ వదలండి. పాదాలు మాత్రం కోయొద్దు. కోస్తే ఛాతీ దగ్గరే కోయండి. తల వెనక కరెంట్ స్తంభం, తీగ మీద లుంగీ ఉంటే మీరే ఒక అడుగు పక్కకి జరగండి. పోర్ట్రెయిట్ మోడ్ కాపాడుతుందనుకోకండి, అది చెవి వెంట్రుకల్ని కూడా మసక చేసేస్తుంది.

ఇప్పుడు నల్ల కుక్కల సంగతి. కెమెరా సీన్ మొత్తాన్నీ చూసి, వెలుతురు మధ్యస్థంగా ఉండేలా సెట్ చేస్తుంది. వెనక తెల్ల గోడ ఉంటే దాని కోసం ఫోటో డల్ చేస్తుంది, కుక్క ముద్దైపోతుంది. మా ఇంటి గోడకి తెల్ల సున్నం. మిగతాది మీకర్థమై ఉంటుంది. దాన్ని గుమ్మం లోపల, మొహం బయటి వెలుతురు వైపు ఉండేలా కూర్చోబెట్టండి. కంటి మీద టచ్ చేసి పట్టుకుని, పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని కొంచెం పైకి జరపండి. వెంట్రుకలు విడివిడిగా కనబడాలి, కళ్ళలో గుమ్మం వెలుతురు చిన్న చుక్కలా పడాలి. ఆ చుక్క లేకపోతే కళ్ళలో జీవం ఉండదు. ఫ్లాష్ మాత్రం వద్దు. కుక్క కంట్లో రెటీనా వెనక వెలుతురుని తిప్పికొట్టే పొర ఉంటుంది, దయ్యంలా ఆకుపచ్చగా మెరుస్తుంది.

పేరు పెట్టి పిలిచారో, లేచి మీ మీదకి వచ్చేస్తుంది. మీ వెనక ఎవరినైనా నిలబెట్టి బిస్కెట్ కవర్ చప్పుడు చేయించండి. చెవులు నిక్కబొడుచుకున్న ఆ రెండు సెకన్లలో బర్స్ట్‌లో లాగేయండి.

అన్నట్టు, పక్కింటి బాబు తీసిన ఫోటోలో మూలన వాడి వేలు కూడా పడింది. ఫ్రేమ్ షాపాయన కట్ చేస్తానన్నాడు. చేస్తే బ్లాకీ తోక చివర కూడా పోతుంది. వేలు అలాగే ఉంచేశాం.

ముసలి కుక్క ఉన్నవాళ్ళు ఈ ఆదివారమే తీసేయండి, పిల్ల కుక్కలవాళ్ళకి టైమ్ ఉంది. వచ్చేవారం పిల్లులు. అవి మన మాట వినవు కాబట్టి అది వేరే ఎపిసోడ్. ఉంటానండి.