ఉప్పుకు విడిచిన నేల

మా డోన్ ప్రాంతంలో చౌడు నేల అంటే రైతు ఆశ వదులుకున్న నేల. జొన్న మొలవదు, వేరుశనగ మొలవదు. కానీ పాత మట్టి మిద్దెలున్న ఊళ్ళలో వానాకాలం ముందు ఆ చౌడునే తవ్వి తెచ్చి మిద్దె మీద పరుస్తారు. వాన నీరు లోపలికి దిగదు. పంటకు పనికిరాని మట్టి ఇంటిని కాస్తుంది. అందుకే బైబిల్లో చవిటి నేల అన్న మాట వచ్చినప్పుడు రాయలసీమ విశ్వాసికి ఎవరూ వివరించి చెప్పనక్కరలేదు.

యెహెజ్కేలు గ్రంథం 47వ అధ్యాయం దగ్గర మాత్రం మనం కొంచెం ఆగాలి. దేవాలయపు గడప కింద పుట్టిన నది ఉప్పు సముద్రంలోకి వెళ్ళి ఆ నీళ్ళను బాగుచేస్తుంది. చేపలు విస్తారమవుతాయి, జాలరులు ఒడ్డున వలలు పరుస్తారు. అయితే పక్కనున్న బురద నేలలూ ఊబి నేలలూ మాత్రం బాగుపడక ఉప్పుకే మిగిలిపోతాయని 11వ వచనం చెబుతోంది. కృపను తోసిపుచ్చిన హృదయానికి ఇది గుర్తని చాలామంది ప్రసంగిస్తారు. మరికొందరు వ్యాఖ్యాతలు ఇంకొక సంగతి గుర్తు చేస్తారు. నైవేద్యానికి ఉప్పు తప్పనిసరి అని లేవీయకాండము 2వ అధ్యాయం ఆజ్ఞాపించింది. కనుక ఉప్పు దొరికే చోటును దేవుడు కావాలనే అలా ఉంచాడన్నది వారి మాట. మాకు ఈ రెండవ అర్థమే సబబుగా తోస్తుంది. ఉప్పు బురద వల్ల మనిషికి ఏం మేలు అని అడిగేవారు ఒక్కసారి కాకినాడ దగ్గరి కోరంగిని చూడాలి.

కాకినాడ పేరు తెలుగు సంఘాలకు కొత్తది కాదు. 1874లో కెనడియన్ బాప్టిస్టులు తమ మిషన్ పని ప్రారంభించింది అక్కడే. అంతకు చాలా ముందు ఆ తీరంలో పేరున్న రేవు కోరంగి. అక్కడ ఓడలు కట్టేవారు, బాగుచేసేవారు. బర్మాకు కూలికి వెళ్ళిన తెలుగువారిని అక్కడి జనం 'కోరంగీలు' అని పిలిచేవారు. 1789 డిసెంబరులో ఉప్పెన ఆ రేవును ముంచింది. 1839 నవంబరులో మరొకటి వచ్చి మిగిలినదాన్ని ఊడ్చుకుపోయింది. తుఫానులకు 'సైక్లోన్' అన్న పేరు పెట్టిన హెన్రీ పిడింగ్టన్ కోరంగి ఉప్పెన గురించి కూడా రాశాడు. ఓడలు కాకినాడకు తరలిపోయాయి. కోరంగి చిన్న ఊరుగా మిగిలింది.

అక్కడ బ్రిటిషువారి కాలపు పాత దీపస్తంభం ఉంది. ఈనాటి ఓడలకు వాకలపూడి లైట్‌హౌస్ దారి చూపుతోంది. రైల్వే జంక్షన్ ఊరివాళ్ళం గనుక సిగ్నల్ దీపం విలువ మాకు బాగా తెలుసు. కానీ దీపం ప్రమాదాన్ని తెలుపుతుంది గాని అలను ఆపలేదు. అలకు అడ్డంగా నిలిచేవి వేరే ఉన్నాయి. గోదావరి తెచ్చి పోసిన ఇసుకతో రెండు వందల ఏళ్ళలో పెరిగిన హోప్ ఐలాండ్ ఒకటి. దాని వెనుక బురదలో నిలబడిన మడ అడవి రెండవది. 1978లో ప్రభుత్వం ఈ అడవిని కోరంగి అభయారణ్యంగా ప్రకటించింది. విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు.

ఇతర చెట్లను చంపే ఉప్పులోనే ఈ చెట్లు బతుకుతాయి. ఉప్పుపొన్న వేరు దగ్గరే ఉప్పును చాలావరకు వడకట్టేస్తుంది. మడ చెట్టు తాగిన ఉప్పును ఆకుల మీదికి నెట్టేస్తుంది. ఆకును నాలుకకు తాకిస్తే ఆ రుచి తెలుస్తుంది. బురదలో గాలి ఆడదు గనుక దాని వేళ్ళు పెన్సిళ్ళలాగా పైకి పొడుచుకు వచ్చి ఊపిరి తీసుకుంటాయి. ఉప్పుపొన్న గింజ చెట్టు మీద ఉండగానే మొలకెత్తి, మొక్కగానే కిందికి రాలుతుంది. ఆ వేళ్ళ సందుల్లో రొయ్య పిల్లలు, పీతలు పెరుగుతాయి. నీటిపిల్లులు అక్కడే వేటాడతాయి. అల ఆ వేళ్ళ గుండా వచ్చేసరికి దాని జోరు తగ్గుతుంది. పూర్తిగా ఆగుతుందని మేము చెప్పం. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫాను భైరవపాలెం, బలుసుతిప్ప మత్స్యకారుల కుటుంబాల్లో ఎంత దుఃఖం మిగిల్చిందో ఆ ప్రాంతంవారు మరచిపోలేదు.

ఇంత తెలిసి కూడా 2020లో కాకినాడ దుమ్ములపేట దగ్గర మడ చెట్లను కొట్టి, నేలను మట్టితో పూడ్చారు. పేదలకు ఇళ్ళ స్థలాలివ్వడానికట. వివాదం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. ఈ సంగతి మమ్మల్ని కలవరపెట్టింది. అద్దె కట్టలేక ఊరు మారే కుటుంబాలను ఎరిగిన ఏ కాపరీ పేదవాడికి ఇల్లు వద్దనలేడు. కానీ ఉప్పెనకు అడ్డుగా ఉన్న చెట్టును కొట్టి ఆ చోటే పేదవాడికి ఇవ్వడం ఏ రకమైన దానం? ధనవంతుడికి ఆ బురదలో ఇల్లు కట్టుకొమ్మని ఎవరూ చెప్పరు గదా!

పాడైన మడను మళ్ళీ పెంచవచ్చని ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ గోదావరి, కృష్ణా ముఖద్వారాల్లో 1990ల చివర చేసిన పని చూపించింది. చెట్లు నరికిన చోట నేల కుంగి, పోటు నీరు బయటికి పోక నిలిచిపోతుంది. ఎండకు ఆ నీరు ఇగిరితే ఉప్పు పేరుకుని మడ మొక్క కూడా చచ్చిపోతుంది. అంటే అక్కడ కూడా మన చౌడే! అందుకని వారు చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వించారు. పోటుకు నీరు లోపలికి వచ్చి ఆటుకు తిరిగి వెళ్ళిపోతుంటే ఉప్పు తగ్గింది, నాటిన మొక్కలు నిలిచాయి. ఆ కాలువలు ఊరకే ఉండవు, ఒండ్రుతో పూడిపోతుంటాయి. పూడిక తీసే పనిని పక్క ఊళ్ళ మత్స్యకారుల కమిటీలకు అప్పగించారు.