నమాజు ఇంటికి వచ్చింది... మరి బడి?

అంటువ్యాధి ప్రబలిన ప్రాంతంలోకి అడుగు పెట్టవద్దని, అక్కడ ఉన్నవారు దాన్ని విడిచి బయటికి పారిపోవద్దని దైవప్రవక్త ముహమ్మద్ (స) ఉపదేశించారు. ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) సిరియా ప్రాంతానికి ప్రయాణమై వెళుతూ, అక్కడ ప్లేగు వ్యాపించిందని దారిలో తెలుసుకుని, సహచరులతో సంప్రదించి వెనుదిరిగిన సంఘటన ఇస్లాం చరిత్రలో సుప్రసిద్ధం. కనుక 2020 మార్చిలో కరోనా కారణంగా దేశమంతటా లాక్‌డౌన్ విధించినప్పుడు, ఇల్లు కదలకుండా ఉండటం ధర్మానికి విరుద్ధమేమో అన్న సందేహానికి తావు లేకపోయింది. మసీదుల్లో సామూహిక నమాజులు ఆగిపోయాయి. శుక్రవారం జుమాకు బదులు ఇళ్ళలోనే జొహర్ నమాజు చేసుకున్నాం. ఆ ఏడాది ఏప్రిల్ 25న ప్రారంభమైన రంజాన్ నెలంతా తరావీహ్ కూడా ఇళ్ళలోనే జరిగింది. మే 25న ఈద్ నమాజుకు ఈద్గాలు తెరుచుకోలేదు. లక్షలాది మంది హాజరయ్యే హజ్‌ను సైతం ఆ సంవత్సరం సుమారు వెయ్యి మందికే పరిమితం చేశారు.

అయినా నమాజు ఆగలేదు. మసీదు తలుపు మూతపడితే ఇంట్లో ఒక మూల చాప పరచుకున్నాం. తండ్రో, పెద్దకొడుకో ముందు నిలబడితే మిగిలినవారు వెనుక నిలబడ్డారు. ఇదే సమయంలో బడి తలుపులు కూడా మూతపడ్డాయి. మరి చదువు మాటేమిటి? దాని కోసం కూడా ఇంట్లో ఒక చాప పరచుకోవడం ఎన్ని కుటుంబాలకు సాధ్యమైంది? ఇన్నేళ్ళ తర్వాత ఈ ప్రశ్న ఎందుకంటే, ఆనాటి నష్టం ఇంకా పూడలేదు గనుక.

పదిహేడు నెలలు

మన రాష్ట్రంలో 2020 మార్చి 19 నుంచి బడులు మూసివేశారు. నవంబరు 2న పెద్ద తరగతులు మొదలైనా, ఒకటి నుంచి ఐదో తరగతి వరకు పిల్లలు బడిలో అడుగు పెట్టింది 2021 ఫిబ్రవరి 1న. అంతలో రెండవ విడత వ్యాధి ఉధృతమై, ఏప్రిల్ 20 నుంచి ఒకటి నుంచి తొమ్మిదో తరగతి వరకు మళ్ళీ సెలవులు ఇచ్చారు. తిరిగి తెరిచింది ఆగస్టు 16న. అంటే దాదాపు పదిహేడు నెలల కాలంలో పసిపిల్లల బడి నడిచింది సుమారు పదకొండు వారాలు మాత్రమే.

ఇది మన ఒక్కరి కష్టం కాదు. ప్రపంచవ్యాప్తంగా దాదాపు 160 కోట్ల మంది విద్యార్థులు బడికి దూరమయ్యారని యునెస్కో లెక్కకట్టింది. మనదేశంలో 15 లక్షల పాఠశాలలు మూతపడి, 24 కోట్ల 70 లక్షల మంది పిల్లలపై ఆ ప్రభావం పడిందని యునిసెఫ్ తెలిపింది. ఇంత పెద్ద అంకెల్లో ఒక పేటలోని ఒక చిన్న బడి కనిపించదు. కాని మన కుటుంబాలకు తెలిసినది ఆ చిన్న బడే.

పేట బడి ఎలా నడిచింది?

విజయవాడ వన్‌టౌన్‌లో వించిపేట, ఇస్లాంపేట, కొత్తపేట సందుల్లోనూ, అవతల భవానీపురం, సింగ్‌నగర్‌లలోనూ, ఇటు మచిలీపట్నం, గుడివాడ, పెడన వంటి డెల్టా పట్టణాల్లోనూ ఇలాంటి బడులు మనకు సుపరిచితమే. అద్దె ఇంటి పై అంతస్తులో మూడు నాలుగు గదులు, నలుగురైదుగురు పంతులమ్మలు, వందకు అటూ ఇటూగా పిల్లలు. తండ్రి ఆటో నడుపుతాడు, లేదా ఆటోనగర్‌లో లారీల పనిచేస్తాడు, లేదా తోపుడుబండిపై పళ్ళు అమ్ముతాడు. తల్లి కుట్టుమిషను తొక్కుతుంది. బందరు అయితే రోల్డ్‌గోల్డ్ నగల పని. ఏ రోజు సంపాదన ఆ రోజుకే. ఆ సంపాదనలోంచి మిగిల్చి కట్టే నెల ఫీజే పంతులమ్మ జీతం, అదే ఇంటి అద్దె, అదే కరెంటు బిల్లు.

లాక్‌డౌన్‌తో ఈ గొలుసు ఒక్కసారిగా తెగిపోయింది. ఆటో కదలకపోతే ఫీజు రాదు. ఫీజు రాకపోతే జీతం లేదు. బడి నడిపేవారు తల్లిదండ్రులను ఒత్తిడి చేయలేరు, ఇంటి యజమానికి అద్దె ఎగవేయలేరు. ఎంతోమంది ప్రైవేటు టీచర్లు అరజీతంతో, కొందరు ఆ మాత్రం కూడా లేకుండా నెలలు గడిపారు. బడి ముఖం చూడకుండానే టిఫిన్ బండి పెట్టుకున్నవారు, బట్టలు కుట్టుకున్నవారు ఉన్నారు. పొరుగున తెలంగాణలో 2021 ఏప్రిల్‌లో గుర్తింపు పొందిన ప్రైవేటు పాఠశాలల సిబ్బందికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చే పథకం ప్రకటించారు. ఆ సాయం ఎంత చిన్నదైనా, పాఠం చెప్పే మనిషి పస్తుండరాదన్న గుర్తింపు అందులో ఉంది.

ప్రభుత్వ బడుల పిల్లలకు మరొక లోటు ఎదురైంది. బడితోపాటే మధ్యాహ్న భోజనమూ ఆగిపోయే పరిస్థితి. ఈ విషయాన్ని 2020 మార్చి 18న సుప్రీంకోర్టు తనంత తానుగా విచారణకు స్వీకరించింది. మన రాష్ట్రంలో బియ్యం, కోడిగుడ్లు, వేరుశనగ చిక్కీలు పిల్లల ఇళ్ళకు అందజేశారు. అన్నం ఇంటికి పంపడం సాధ్యమైంది. అక్షరాన్ని పంపడమే కష్టమైంది.

ఫోను చేసినది, చేయలేనిది

దూరదర్శన్ సప్తగిరి ఛానెల్‌లోనూ, ఆకాశవాణిలోనూ పాఠాలు ప్రసారమయ్యాయి. ప్రైవేటు బడులు వాట్సాప్ గ్రూపులు పెట్టాయి. ఉదయం టీచరు పాఠం చదివి గొంతు రికార్డు చేసి పంపేది. నోటుపుస్తకం ఫొటో తీసి తల్లిదండ్రులు తిరిగి పంపాలి. అయితే ఇంటికి ఉన్న ఫోను ఒక్కటే. లాక్‌డౌన్ సడలిన తర్వాత అది తండ్రితోపాటు పనికి వెళ్ళిపోయేది. ఇద్దరు ముగ్గురు పిల్లలున్న చోట పదో తరగతి చదివే అన్న వంతు ముగిసేసరికి ఒకటో తరగతి చెల్లెలు నిద్రపోయేది. ఇషా నమాజు తర్వాత వచ్చే ఫొటోలను టీచరు అర్ధరాత్రి వరకు దిద్దేది. రీచార్జి అయిపోయిన వారం ఆ ఇంటి నుంచి ఫొటో ఉండదు.

పెద్దపిల్లలు తెర మీద చూసి ఎంతో కొంత గ్రహించగలరు. ఒకటో తరగతి పాప సంగతి వేరు. బలపం పట్టుకున్న ఆ చిన్న చేతిని పట్టుకుని ఎవరైనా దిద్దించాలి. తలకట్టు ఎక్కడ, కొమ్ము ఎటు తిరుగుతుంది, వత్తు కింద ఎక్కడ రావాలి అన్నది వేళ్ళతో నేర్చుకునే విద్య. తెలుగులో అక్షరాలు వచ్చినంత మాత్రాన చదవడం రాదు. గుణింతాలు రావాలి, వత్తులు రావాలి. ఈ మెట్లన్నీ పిల్లలు ఎక్కేది మొదటి రెండు తరగతుల్లోనే. సరిగ్గా ఆ రెండు తరగతులే లాక్‌డౌన్‌లో కలిసిపోయాయి.

మన ఇళ్ళలో మరో చిక్కు

ఈ చిక్కు మన కుటుంబాల్లో కొన్నింటికి రెండింతలైంది. నూర్‌బాషా కుటుంబాల్లో, పల్లెల్లోని మరెన్నో ముస్లిం ఇళ్ళలో మాట్లాడేది తెలుగే. కాని విజయవాడ, బందరు వంటి చోట్ల అనేక ఇళ్ళలో ఉర్దూ మాట్లాడతారు. ఆ బిడ్డ తెలుగు వాక్యం వినేది బడిలోనే, తెలుగు అక్షరం చూసేది బడిలోనే. ఒకవైపు అరబీ ఖాయిదా కుడి నుంచి ఎడమకు, మరోవైపు తెలుగు వాచకం ఎడమ నుంచి కుడికి. రెండింటినీ చక్కగా నేర్చుకోగల శక్తి పసిపిల్లలకు అల్లాహ్ ప్రసాదించాడు. అయితే రెండింటికీ నేర్పేవారు ఉండాలి. లాక్‌డౌన్‌లో ఖాయిదా చెప్పడానికి చాలా ఇళ్ళలో తల్లో నాయనమ్మో ఉన్నారు. తెలుగు చెప్పడానికి కొన్ని ఇళ్ళలో ఎవరూ లేరు. నమాజు ఇంటికి రాగలగడానికి, బడి రాలేకపోవడానికి అసలు కారణం ఇదే. నమాజు చేయించగలవారు ప్రతి ఇంటా ఉన్నారు. చదివించగలవారు ప్రతి ఇంటా లేరు.

నెట్టుకొచ్చిన విధానం

ఇంత ఇబ్బందిలోనూ కొన్ని బడులు తాము చేయగలిగింది చేశాయి. ఆ పద్ధతులు ఖరీదైనవి కావు. వారానికి సరిపడా పాఠాన్ని ఒక కాగితం మీద రాసి, జిరాక్సు తీయించి, పేటలోని కిరాణా కొట్టులో ఉంచారు. పాలకో పప్పుకో వచ్చిన తల్లి ఆ కాగితం తీసుకెళ్ళేది. టీచరు రోజుకు పదిమంది ఇళ్ళకు ఫోను చేసి, పాపను పిలిచి నాలుగు వాక్యాలు చదివించి వినేది. రాకపోకలకు వీలు కలిగాక ఒకే సందులోని అయిదారుగురు పిల్లలను దూరం దూరంగా వరండాలో కూర్చోబెట్టి, కాలేజీ చదివే ఒక అక్క చేత గంటసేపు చదివించారు. ఫోను చేయలేని పనిని ఆ అక్క చేసింది.

ఇది మనకు కొత్త పద్ధతి కాదు. మక్కాలో విశ్వాసులకు బహిరంగంగా కూడే వీలు లేని రోజుల్లో హజ్రత్ అర్ఖమ్ (రజి) ఇల్లే పాఠశాల అయింది. బద్ర్ యుద్ధంలో పట్టుబడిన ఖైదీల్లో పరిహారం చెల్లించలేని అక్షరాస్యులు మదీనా పిల్లలు పదేసి మందికి చదవడం, రాయడం నేర్పితే చాలునని, అదే వారి విడుదలకు మూల్యమని ప్రవక్త (స) నిర్ణయించినట్లు చరిత్రకారులు నమోదు చేశారు. శత్రువు చేత సైతం పిల్లలకు అక్షరాలు దిద్దించిన సమాజం మనది. ఒక గురువుకు పదిమంది పిల్లలు అన్న ఆ లెక్క కూడా గమనించదగినది. మన సందులోని వరండాకు సరిపోయే సంఖ్య అది.

పూడని గుంత

వ్యాధి తగ్గింది, బడులు తెరిచారు, పిల్లలను పై తరగతులకు పంపారు. కాని తరగతి మారినంత మాత్రాన చదువు రాదు కదా! గ్రామీణ భారతంలో జరిపిన అసర్ సర్వే ప్రకారం, మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి వాచకం చదవగలిగినవారు 2018లో నూటికి 27.3 మంది ఉండగా, 2022 నాటికి 20.5 మందికి తగ్గారు. ఐదో తరగతిలో 50.5 నుంచి 42.8కి పడిపోయారు. లాక్‌డౌన్‌కు ముందు కూడా పరిస్థితి గొప్పగా లేదని, తర్వాత మరింత దిగజారిందని ఈ అంకెలు చెబుతున్నాయి. 2020 జూన్‌లో ఒకటో తరగతిలో చేరవలసిన బిడ్డ నేడు హైస్కూలు పిల్లవాడు. సైన్సు పుస్తకం ముందు పెట్టుకుని మౌనంగా కూర్చుంటే వాడికి సైన్సు రాదని అనుకుంటాం. నిజానికి వాడికి రానిది వత్తులతో కూడిన వాక్యం కావచ్చు. పదో తరగతి దాకా ఇది బయటపడకపోతే, తర్వాత మగపిల్లవాడు మెకానిక్ షెడ్డుకు, ఆడపిల్ల పెళ్ళికి అన్న పాత దారే మిగులుతుంది.

మళ్ళీ బడి మూతపడదన్న భరోసా కూడా లేదు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట ప్రాంతాలు నీట మునిగినప్పుడు ఎందరో పిల్లల పుస్తకాలు, సంచులు బురద పాలయ్యాయి. వరద వస్తే అన్నం పొట్లాలతో పడవల మీద వెళ్ళడం మన యువకులకు చేతనవును. ఆ అన్నంతోపాటే పలకా బలపం కూడా చేరవేసే ఏర్పాటు ఉండాలి.

మనం చేయదగినవి

మొదటిది, ప్రతి తల్లీ తండ్రీ ఈ వారమే ఒక పని చేయవచ్చు. పిల్లవాడి తెలుగు వాచకం తీసి ఒక పేజీ పైకి చదివించండి. మీకు తెలుగు చదవడం రాకపోతే పొరుగింటి వారిని కూర్చోబెట్టుకోండి. తడబడితే కోప్పడవద్దు. ఆ బిడ్డ తప్పు అందులో ఏమీ లేదు.

రెండవది, మన మసీదుల్లో ఉదయమో సాయంత్రమో మక్తబ్ నడుస్తూనే ఉంటుంది. పిల్లలు అక్కడికి ఎలాగూ వస్తారు. ఖురాన్ పఠనం తర్వాత అరగంట తెలుగు, లెక్కలు చదివించేందుకు డిగ్రీ చదివే ఒక యువకుణ్ణి, ఆడపిల్లలకు ఒక యువతిని మసీదు కమిటీ ఏర్పాటు చేయడం కష్టమైన పని కాదు.

మూడవది, పేట బడిని నిలబెట్టడం. ఫీజు కట్టగలిగినవారు సమయానికి కట్టాలి. కట్టలేని బిడ్డ ఫీజును కలిగినవారు సదఖాగా భరించాలి. పేదరికంలో, అప్పుల్లో ఉన్న టీచర్లకు జకాత్ ఇవ్వవచ్చునా అన్నది స్థానిక ఆలిములను అడిగి తెలుసుకుని, అర్హులకు గౌరవం చెడకుండా గుట్టుగా అందజేయాలి.

నాల్గవది, ప్రతి మొహల్లాలో పిల్లల జాబితా ఒకటి ఉండాలి. ఏ ఇంట్లో ఎందరు, ఏ తరగతి, ఎవరికి చదవడం వచ్చు, ఎవరికి రాదు, చదివించగల అక్కలు అన్నలు ఎవరు. రేపు వ్యాధి వచ్చినా, వరద వచ్చినా మర్నాడే ఆ పదేసి మంది గుంపులు కూర్చోగలగాలి.

చదవమనే ఆదేశంతోనే దైవవాణి అవతరణ ప్రారంభమైంది. ఆ ఆదేశం హిరా గుహలో వినిపించింది. అక్కడ బడి లేదు, బల్ల లేదు. కాబట్టి గోడలు లేనంత మాత్రాన చదువు ఆగనక్కరలేదు. ఈ శుక్రవారం జుమా నమాజు ముగించుకుని ఇంటికి వచ్చాక, దస్తర్‌ఖాన్ ఎత్తిన చోటే బిడ్డను కూర్చోబెట్టుకుని వాచకం తెరిపిద్దాం. మన పిల్లలకు ప్రయోజనకరమైన జ్ఞానాన్ని ప్రసాదించమని ఆ సర్వజ్ఞుణ్ణి వేడుకుందాం. ఆమీన్.